లేదంటే ఉన్నట్టే

"తోట అమ్మొద్దు మామా. పైలట్ ఉద్యోగంలో జీతం లేదు" అన్నాడు బాలాజీ.

పెంచలయ్య నవ్వినాడు. దామలచెరువులో మామిడికాయల మండీ పెట్టి జుట్టు నెరిసిన మనిషి ఆయన. ఎవురు ఏ మాట ఎందుకంటారో తనకు తెలిసినంతగా ఇంకెవురికీ తెలియదని ఆయన నమ్మకం. బయట వసారాలో తోట కొనను తిరుపతి నుంచి వచ్చిన గిరిప్రసాద్ అడ్వాన్సు తెచ్చుకోని కూసోనుండాడు. ఆ దుడ్డుతో కూతురు జాహ్నవిని విమానం నడిపే చదువుకు పంపాలని పెంచలయ్య పట్టు. మేనల్లుడు బాలాజీ ఆ చదువే చదివి, కో-పైలట్‌గా మద్రాసులో చేరి ఇంకా ఏడాది కూడా కాలేదు. అప్పుడే ఊరంతా వాడి పేరే.

"జీతం లేదా?" అన్నాడు పెంచలయ్య, భార్య జ్ఞానాంబ వైపు చూసి కన్ను గీటుతా.

"ఉండాది. లేనట్టే ఉండాది. కొత్తోళ్లకు ట్రైనింగు ఖర్చని చెప్పి సగం పట్టుకుంటారు. నలుగురు పైలట్లం ఒకే రూములో చాపలేసుకోని పడుకుంటాం. మీ లారీ డ్రైవరు నారాయణకు బత్తా కూడా కలిపితే నాకంటే ఎక్కువే వస్తాది మామా."

జ్ఞానాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. "విన్యారా? నారాయణ కంటే తక్కువంట!"

"నవ్వొద్దత్తా. మా నాయన నన్ను చదివించను చేసిన అప్పుకు వడ్డీ కూడా కట్టలేకుండా ఉండాను."

"నాయనా, బావ చెప్పేది ఒకసారి విను" అనింది జాహ్నవి. "నాకు కార్వేటినగరంలో టీటీసీ సీటు వచ్చిండాది కదా. టీచరైతే చాలు నాకు."

"నువ్వు ఊరుకోమ్మా, నీకు లోకం తెలీదు." పెంచలయ్య మంచం మీద బాసింపట్టు వేసుకోని కూసున్నాడు. "నేను మండీలో దినామూ ఏమంటాను? నష్టం అంటాను. మునిగిపోయినానంటాను. ఆ నష్టంతోనే కదా ఈ మేడ కట్టింది? ఉన్నోడు ఎవుడన్నా ఉండాదని చెప్తాడా? నిజంగా లేనోడు అప్పు చేసైనా సిల్కు చొక్కా తొడుక్కోని వస్తాడు."

ఈ సూత్రం పెంచలయ్య ఒక్కడిదే కాదు, ఆ చుట్టుపక్కల ఊర్లన్నిటిదీ. కొమ్మలిరిగేటట్టు కాసినా రైతు "పూతంతా రాలిపోయె" అంటాడు. నిండు లోడు అమ్ముకోని వచ్చి వ్యాపారి "కాయంతా కుళ్లిపోయె" అంటాడు. దిష్టికి భయం కొంత, చేబదులు అడిగే చుట్టాలకు భయం ఇంకొంత. అందుకే అక్కడ ఎవురన్నా బాగా ఏడిస్తే, వాడికి ఈ ఏడు బాగా మిగిలిందని పక్కింటోళ్లు కడుపు మండించుకుంటారు.

బాలాజీ బూటు విప్పినాడు. మేజోడులోంచి బొటనవేలు బయటికి వచ్చి ఉండాది. "సూడండి, ఇదీ నా బతుకు."

"సేట్లంతా ఇంతేనప్పా" అనింది జ్ఞానాంబ. "కోట్లుంటాయి, చిల్లులు పడిన బనీను వేసుకుంటారు."

"మరి మద్రాసు నుంచి ఎర్రబస్సులో నిలబడుకోని ఎందుకు వచ్చినానత్తా?"

"విమానమెక్కి రేణిగుంటలో దిగితే ఊరోళ్ల కండ్లన్నీ నీ మీదే పడవా? తెలివైనోడివి."

"ఏడుకొండలవాడి మీద ఒట్టు మామా!"

"ఆ ఒట్టు నేను పొద్దున ఒకటి, సందకాడ ఒకటి వేస్తాను అల్లుడూ. ఆయన ఏమీ అనుకోడు."

బాలాజీ ఇంకా ఏదో చెప్పబోయినాడు. పెంచలయ్యకు కోపం వచ్చింది. "ఒరే, అంత కష్టంగా ఉంటే మానుకోని ఊరికి రారాదా? రావు. నువ్వొక్కడివే ఎగరల్ల, నా బిడ్డ నేల మీదనే పడుండల్ల. అదే కదా నీ కుళ్లు?"

బాలాజీ మొగం మాడిపోయింది. తల వంచుకున్నాడు. మేలు కోరి చెప్పినోడిని పట్టుకోని ఇంత మాట అంటారా అని జాహ్నవికి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"మీ ఇష్టం మామా" అన్నాడు బాలాజీ చివరికి. "చేర్చేదే అయితే నేను చదివిన చోటే చేర్పించండి. ఇంకో చోటికి పోతే నిలువునా మోసపోతారు."

"అట్ల రా దోవకు" అన్నాడు పెంచలయ్య. వసారాలోకి పోయి గిరిప్రసాద్ చేతిలో చెయ్యేసినాడు. తాతల కాలం నుంచి వచ్చిన బేనీషా మామిడి తోట, ఇచ్చిన కాఫీ చల్లారక ముందే చెయ్యి మారిపోయింది.

జాహ్నవి బాలాజీని గేటు దాకా సాగనంపింది. "మా నాయన మాటలు మనసులో పెట్టుకోవద్దు బావా. ఈ ఇంట్లో నిజం చెప్పినోడివి నువ్వొక్కడివే."

బాలాజీ ఆ పిల్ల మొగం చూడలేకపోయినాడు. "బాగా చదువుకో" అని మాత్రం అన్నాడు.

బస్టాండులో మనుషులకు దూరంగా పోయి సెల్లు తీసినాడు.

"సార్, బాలాజీని. మా మామ కూతురు కూడా మన ఫ్లయింగ్ స్కూల్లోనే చేరతాది... లేదు సార్, గొప్పలేమీ చెప్పలేదు, జీతం సంగతి ఉన్నదున్నట్టే చెప్పినాను, మా ఊర్లో అట్ల చెప్తేనే ఎగబడేది... నా కమిషన్ మాత్రం రేపే వెయ్యండి సార్, రూము బాడుగ కట్టల్ల."