కుడి స్పీకరు

కురిహరకి చెవులు పోయాయన్న సంగతి అతనికి ఎవరు చెప్పాలో తేలక మిత్రులిద్దరూ గేటు ముందే ఆగిపోయారు.

"నువ్వే చెప్పు. చిన్నప్పట్నుంచీ స్నేహితుడివి," అన్నాడు మియాకె.

"అందుకేగా చెప్పలేకపోతున్నాను," అన్నాడు ఉసుయి.

"అయితే ఇంకో ఏడాది ఆ రొద విందాం. నాకేం, నా కుడి చెవి ఎలాగూ సగమే."

మత్సుమోతో ఊళ్ళో పాటల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ కురిహర ఇల్లు తెలుసు. నెలకో ఆదివారం ఈ ముగ్గురూ అక్కడ చేరి రికార్డులు వింటారు. పాట కోసమే అతను ఆ గదిలో నేలంతా పరిచిన గడ్డి చాపలు తీయించి చెక్క నేల వేయించాడు. స్పీకర్ల కాళ్ళ కింద పది యెన్ల నాణేలు పెట్టాడు. వాటిలో ఒక్కటి కాస్త కదిలినా, "పాడే మనిషి పక్కకి జరిగింది," అనేవాడు. చూస్తే నిజంగానే నాణెం కదిలి ఉండేది. ఆ చెవుల ముందు స్పీకర్లు అమ్మేవాళ్ళు కూడా నోరెత్తేవాళ్ళు కాదు.

భార్య సుమికో పోయాక కొన్నాళ్ళు ఎవరినీ పిలవలేదు. మళ్ళీ పిలిచిన మొదటి ఆదివారమే ఉసుయికి తేడా తెలిసిపోయింది.

పాడే గొంతు గది మధ్యలో నిలబడటం లేదు. గోడల వెంట పొగలా చెదిరిపోతోంది. కింది స్వరాలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. కుడి స్పీకరు తీగలు తిరగబడ్డాయి. ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్లది ఉంటే, ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. మొదటిసారి సెట్టు కొన్న కుర్రాళ్ళు చేసే పొరపాటు.

కురిహర మాత్రం కళ్ళు మూసుకుని వింటూ, "బాగుంది కదూ," అన్నాడు.

"బాగుంది," అన్నారు ఇద్దరూ. ఇంటికి పిలిచి టీ పోసినవాడి మొహం మీదే నీ పాట బాగాలేదని ఆ ఊళ్ళో ఎవరూ అనరు.

నెలలు గడిచాయి. సుమికో సంవత్సరీకం కూడా అయిపోయింది. ఓసారి ఉసుయి మెల్లగా కుడి స్పీకరు వైపు లేవబోతే, కురిహర చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"వెనకంతా దుమ్ము. వద్దులే."

సిగ్గుపడుతున్నాడనుకున్నాడు ఉసుయి. భార్య పోయింది. చెవులూ పోయాయి. ఇక మిగిలింది పరువొక్కటే. అదీ తీసేస్తే మనిషి ఉండడు.

"చెప్పొద్దు. చెప్పకుండా బాగుచేసేద్దాం," అన్నాడు ఉసుయి ఇప్పుడు గేటు ముందు. "వాడు టీ పెట్టడానికి వెళ్తాడుగా, అప్పుడు. నువ్వు వంటింట్లో మాటల్లో పెట్టు."

"మాటలేగా, అది నా వృత్తి. వినేవాడే దొరకడు," అన్నాడు మియాకె.

అనుకున్నట్టే జరిగింది. "నువ్వు కోస్తే యోకాన్ మిఠాయి ముక్కలు ఇటుకల్లా వస్తాయి, కత్తి ఇలా ఇవ్వు," అంటూ మియాకె వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఉసుయి సెట్టు ఆపేసి కుడి స్పీకరు వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

అక్కడ దుమ్ము లేదు. అద్దంలా తుడిచి ఉంది.

రెండు తీగలనూ కలిపి, వేలు తెగితే చుట్టుకునే గులాబీ రంగు పట్టీ ఒకటి అంటించి ఉంది. నాణేనికి కూడా కొలత చూసిన మనిషి, తీగలకి ఇలాంటి పట్టీ చుట్టాడా? ఉసుయికి కళ్ళు చెమర్చాయి. పట్టీ ఓ పట్టాన రాలేదు. గోటితో గీకి, పీకి, చెత్తబుట్టలో వేశాడు. నలిగిపోయిన తీగ కొసలు చాకుతో కోసేశాడు. కొత్తగా రాగి బయటికి తీసి, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి బిగించాడు. రికార్డు మీద ముల్లు పెట్టాడు.

పాడే మనిషి నడిచొచ్చి గది మధ్యలో నిలబడింది.

టీ పళ్ళెంతో వస్తున్న కురిహర గుమ్మంలోనే ఆగిపోయాడు. అతను పళ్ళెం నేల మీద పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఇద్దరికీ తల వంచాడు.

"చాలా శ్రమపడ్డారు."

"మేమేం చేశాం?" అన్నాడు ఉసుయి. మియాకె పైకప్పు వైపు చూశాడు.

పాట అయ్యేదాకా కురిహర అలాగే కూర్చున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"వాడికి వినబడుతోందోయ్," అని గొణిగాడు మియాకె, తన ముక్కు తుడుచుకుంటూ.

గేటు దాటాక ఉసుయికి చాకు గుర్తొచ్చింది. మియాకెని ఉండమని వెనక్కి వెళ్ళాడు.

చెత్తబుట్ట బోర్లించి ఉంది. కురిహర కుడి స్పీకరు వెనక కూర్చుని, ఆ గులాబీ పట్టీని తీగకి చుట్టి వేళ్ళతో నొక్కుతున్నాడు. వదలగానే అది ఊడిపోతోంది. మళ్ళీ నొక్కుతున్నాడు.

"పారేయవోయ్. దానికి జిగురెక్కడుంది? మంచి టేపు నేను తెస్తాగా," అన్నాడు ఉసుయి.

కురిహర తల తిప్పలేదు.

"తుడుస్తుంటే తీగ ఊడిందని సుమికోనే బిగించి ఇది చుట్టి, సరిగ్గా పెట్టానా అని అడిగిందోయ్, తిరగబడిందని మొదటి పాటకే తెలిసినా బాగుందన్నాను, తెల్లారాక తనకి తెలియకుండా సరిచేద్దాంలే అనుకున్నాను, తెల్లారేసరికి తను లేదు."