తెరవని ఉత్తరం

"ఎవ్వలూ మౌసు ముట్టొద్దు!" అని అరుస్తూ డెన్నిస్ సర్వర్ వెనకాల వైరు ఊడబీకాడు.

అప్పటికే వ్యవహారం చెయ్యి దాటింది. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని ఆ సబ్బుల కంపెనీ ఆఫీసులో పొద్దుటినుంచీ ఒకటే మెయిల్ తిరుగుతోంది: 'మీ ఫొటో చూడండి'. తన ఫొటో అంటే ఆగేదెవరు? తెరిచినవాళ్ల కంప్యూటర్లలో వైరస్ దూరింది. వాళ్ల అడ్రస్‌బుక్కులో పేరున్న ప్రతివాళ్లకూ అదే ఉత్తరం వాళ్ల పేరుతోనే పోయింది. ఉస్మాన్‌గంజ్ డీలర్ల దాకా పాకింది.

మేనేజర్ శ్రీపతి గదిలోంచి ఊడిపడ్డాడు. "డీలర్లు ఫోన్ల తిడుతున్రు! ఇది ఎవని పనో సాయంత్రంలోపు తెలవాలె. వాని నౌకరీ ఖతం!"

నౌకరీలు తీసే పని డెన్నిస్‌ది కాదు. ఆఫీసు కంప్యూటర్లు, సర్వర్ చూసుకోవడమే అతని పని. వైరస్‌ను పట్టే ఫ్లాపీ పట్టుకుని ఒక్కో కంప్యూటరూ వెతికాడు. అన్నీ పాడైనవే, మూలనున్న జనార్దన్‌ది తప్ప.

"గాయనదొక్కటే సాఫుగున్నదా?" పక్క సీటు విజయేందర్ లేచాడు. "ఇంకేంది సార్, పంపినోడు గాయనే! రోజూ అందరికన్న ముందొచ్చి, కుర్చీల కూసోంగనే మెయిలే తెరుస్తడు."

"ఔ, నేను గూడ చూసిన," అంది శశికళ.

గోదాము నుంచి ఆఫీసుకు మార్చి రెండేళ్లయినా జనార్దన్ గొంతు ఎవరూ సరిగ్గా విన్నది లేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడిపోయాడు. "మెయిల్ చూసేది నిజమే సార్... గానీ నేనేం చెయ్యలే."

"ఒప్పుకున్నడు!" అన్నాడు విజయేందర్.

వేలు చూపినందుకు జీతం కోయరు కదా, అందరి వేళ్లూ అటే లేచాయి.

డెన్నిస్‌కు ఒళ్లు మండింది. "జర ఆగుండ్రి! పంపినోని కంప్యూటరే ముందుగాల చెడతది. ఈయనది చెడలే. అంటే ఏంది? మన మొకాలు చూసుకోనీకి మనమంత ఉరికినం. నేను గూడ ఉరికిన. ఈయనొక్కడే తెరవకుండ ఆగిండు. వైరస్ మొదాలు ఒక డీలర్ పంపిన మెయిల్ల వచ్చింది సార్, సర్వర్ల చూసిన. నౌకరీలు తీస్తే అందరియి తియ్యాలె, ఈయనది తప్ప."

తనూ తెరిచిన సంగతి గుర్తొచ్చి శ్రీపతి గొంతు తగ్గించాడు. "చూసి నేర్చుకోండ్రి ఈయనను!"

విజయేందర్ దగ్గరికొచ్చాడు. "తప్పయింది అన్నా. పా, అబిడ్స్‌ల ఇరానీ చాయ్ తాగుదాం."

జనార్దన్ ఏదో చెప్పబోయాడు. భుజం మీద పడ్డ చేతిని చూసుకుని మానుకున్నాడు. నలుగురి మధ్యలో నడుస్తూ మెట్లు దిగిపోయాడు.

డెన్నిస్ నవ్వుకుంటూ ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఉత్తరం అక్కడే ఉంటే ఎప్పటికైనా ముప్పే, తీసేద్దామని ఆయన మెయిల్ పెట్టె తెరిచాడు.

రెండేళ్లలో అందులోకి ఒక్క ఉత్తరం కూడా రాలేదు.