చెకప్ బిల్లు

"రెట్టింపు ఏసినారమ్మా! పట్టపగలు దోపిడీ కాకపోతే ఇదేటి?" అంటూ అబ్బులు హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం రసీదు తెచ్చి ధనశ్రీ టేబుల్ మీద ఠపీమని కొట్టాడు.

ధనశ్రీ పెందుర్తిలో ట్యాక్స్ లెక్కలు చూసే అమ్మాయి. జూలై వచ్చిందంటే టీ తాగడానికి కూడా తీరికుండదు. అబ్బులుకి ఫిషింగ్ హార్బర్‌లో బోటింజన్లు బాగుచేసే షెడ్డుంది. ఫారూఖ్‌తో కలిసి సగం సగం వాటా. వాటా సగమే గానీ షెడ్డులో వినిపించే గొంతు మొత్తం అబ్బులుదే. పక్క కుర్చీలో ఆయన భార్య నాగమణి "మెల్లగయ్యా, మెల్లగ" అంటూనే ఉంది. వింటేగా!

"పాలసీ కట్టు, పాలసీ కట్టు అని ఈవిడ నన్ను సంపేసిందమ్మా. సరే, కట్టినాను. పదకొండు వేలని సెప్పి ఇరవై రెండు గుంజీసినారు. పోనీలే, నాను పార్టనర్ని కదా, షెడ్డు ఖర్సులో రాసీ."

"కుదరదండీ. అది మీ ఒంటి కోసం మీరు కట్టుకున్నది. షెడ్డు ఖర్చు అవ్వదు."

"ఈ ఒళ్ళు షెడ్డులోనే కదమ్మా అరిగిపోతంది!"

ధనశ్రీకి నవ్వొచ్చింది. "నిజమే గానీ, చట్టం ఒప్పుకోదు. దిగులు పడకండి. మీరు పాత పద్ధతిలోనే కదా రిటర్న్ వేస్తున్నారు? మీ సొంత ఆదాయంలోంచి తీసేస్తాను. ఇరవై ఐదు వేల దాకా తీసెయ్యొచ్చు. మీ ఇరవై రెండు పోగా ఇంకో మూడు వేలకి చోటుంది. పాలసీ కోసం రక్తపరీక్షలు చేయించారు కదా, ఆ చెకప్ బిల్లు ఇవ్వండి. అదీ కలిపేస్తాను."

అబ్బులు గొంతు అమాంతం దిగిపోయింది.

"అదెందుకులెమ్మా. వదిలీ."

"వదిలీడమేటి? సర్కారోళ్ళు ఇత్తామంటే వద్దంటావేటి, పెద్ద జమీందారువి!" నాగమణి సంచిలోంచి పొడుగాటి కవరొకటి తీసి ధనశ్రీకి ఇచ్చింది. "మార్చిలో వచ్చింది. అంతా ఇంగ్లీషు. సించినోళ్ళు లేరు, సదివినోళ్ళు లేరు."

ధనశ్రీ కవరు చింపింది. బిల్లు కోసం కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ, మూడో కాగితం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తలెత్తి అబ్బులు మొహం చూసింది.

"రెట్టింపు ఎందుకేశారో తెలిసిందండీ," అంది నెమ్మదిగా. "మీకు కిడ్నీలు దెబ్బతింటున్నాయని ఉంది ఇందులో. వెంటనే కిడ్నీ డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నారు. నొప్పి మాత్రలు వాడుతుంటే ఒక్కటి కూడా ముట్టొద్దని కింద గీత గీసి మరీ రాశారు."

కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళు మన వైపు ఊరూరా ఉన్నారు. నాగమణి ఒక్కసారిగా ఘొల్లుమంది. బయట వరసలో కూర్చున్నవాళ్ళు తలుపులోంచి తొంగిచూశారు.

"నా కిడ్నీ ఒకటి తీసీండమ్మా! ఆయనకి ఎట్టీండి! ఇప్పుడే సంతకం ఎడతాను!"

ఆ కంగారులో ఎదురుగా ఉన్నది డాక్టరమ్మ కాదన్న సంగతే మర్చిపోయింది పిచ్చితల్లి. ధనశ్రీ లేచొచ్చి భుజం పట్టుకుంది. "అంత దూరం పోలేదండీ. తొందరగా చూపిస్తే మందులతోనే ఆగొచ్చు. కాకపోతే ఇప్పటికే నాలుగు నెలలు పోయాయి. ఇంక ఒక్కరోజు కూడా ఆగకండి."

అబ్బులు హార్బర్ ఈ చివర అరిస్తే ఆ చివర వినిపించే మనిషి. ఇప్పుడు ధనశ్రీ చేతిలోని కాగితం లాక్కుని, గీత గీసిన చోట వేలు పెట్టి చూస్తున్నాడు.

నాగమణి ముక్కు తుడుచుకుని భర్త చెయ్యి పట్టుకుంది. "బయపడకయ్యా. నానున్నాను కదా. ఏటి సేసైనా నిన్ను బతికించుకుంటాను. నాకు తెలీకుండా ఎన్ని మింగీసినావ్ ఆ నొప్పి బిళ్ళలు?"

"నాను ఒక్కటీ మింగలేదే," అన్నాడు అబ్బులు.

ఆ మాట అంటూనే ఫోన్ తీశాడు. తొందరలో నంబరు రెండుసార్లు తప్పింది. మూడోసారికి అవతల ఫారూఖ్ ఎత్తాడు. ఫోన్ టేబుల్ మీద పెట్టి స్పీకర్ నొక్కాడు.

"ఒరే ఫారూఖూ, ఏటి సేత్తన్నావ్?"

"ఇంజన్ దింపేశా బావా. నడుం పట్టేసింది. బిళ్ళేసుకుందామని నీళ్ళు పోసుకుంటన్నా."

"పారెయ్! ఆ బిళ్ళ సముద్రంలో పారెయ్! నోట్లో ఏసుకున్నావంటే నా మీద ఒట్టే!"

"ఏమైంది బావా? ట్యాక్స్ బాగా పడిందా?" నవ్వుతున్నాడు ఫారూఖ్.

అబ్బులు ఏడ్చేశాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఇంకేటీ ఎత్తకు. ఉన్నకాడే కూకో. నాను వత్తన్నాను, ఇద్దరం ఆస్పత్రికెళ్దాం." ఫోన్ పెట్టేసి లేచాడు.

నాగమణి అతని చొక్కా పట్టుకుని ఆపింది. "నీకేటైనా మతి పోయిందా? బాగోలేనిది నీకైతే ఆడి బిళ్ళలు పారేయిత్తావేటి?"

"నాకు షుగరున్నాదని తెలిత్తే పాలసీ ఇవ్వరని బయపడ్డానే," అబ్బులు తల బాదుకున్నాడు. "రక్తం తీసుకోడానికి ల్యాబోళ్ళు షెడ్డుకొచ్చి అబ్బులెవరని అడిగితే, సెయ్యి సాపినోడు ఫారూఖే!"