పైన్ చెట్టు మీద రాతిపువ్వు

అప్పటికి అరకు కొండల్లో ప్రతి తోటకీ ఒక ఎగిరే డాక్టరు ఉండేది. చెట్లకు జబ్బు చేస్తే కనిపెట్టి, మందు కొట్టి పోయే యంత్రం అది. ఆ ఉదయం కొర్రా జమునమ్మ పైన్ తోటలో రాలిన రాతిపువ్వు ఏరుకుంటుంటే, ఆ తోట యంత్రం వచ్చి ఆమె ముందు గాలిలో ఆగింది.

"జమునమ్మ గారూ, తప్పుకోండి. ఈ చెట్ల మీద బూడిదరంగు మచ్చలున్నాయి. అన్నీ గీకేస్తాను."

జమునమ్మ చెట్టుకి అడ్డంగా నిలబడింది. అది మచ్చలంటున్నది రాతిపువ్వునే. మసాలాలో వేసే ఆ రాతిపువ్వు అరచేయంత కావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ ఇరవై ఏళ్లలో పైన్ మొక్క ఇంటికంటే ఎత్తు లేస్తుంది.

"అది మచ్చ కాదు బాబూ. చెట్టుకి వేర్లున్నాయి, నేల్లోంచి తాగుతాది. దీనికి వేర్లే లేవు. వాన, మంచు, ఎండ, అదే దీని తిండి. చెట్టుని పీల్చదు, ఊరికే కూకుంటాది."

"రుజువేమిటి?"

ఆ యంత్రం రోజూ ఛార్జింగ్ కోసం వాలే సిమెంటు స్తంభం దగ్గరికి ఆమె దాన్ని తీసుకెళ్లింది. స్తంభానికి ఒక పక్కంతా రాతిపువ్వే.

"మరి నీ స్తంభానికీ జబ్బేనేటి? ఇందులో పీల్చడానికి ఏటుంది?"

యంత్రం స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగింది. "పొరపాటు నాదే," అని గీకే బ్లేడు ముడుచుకుంది. ఆ సంగతి కొండల్లోని యంత్రాలన్నిటికీ చేరవేసింది.

మర్నాడు పొద్దున్నే జమునమ్మ తలుపు తీసేసరికి వాకిట్లో పదకొండు యంత్రాలు ఎగురుతున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో చెట్టు ఫొటో చూపిస్తూ, "అమ్మా, ఇది జబ్బా, చుట్టమా?" అని అడుగుతోంది.

"ముందు నన్ను టీ తాగనీండర్రా!" అని జమునమ్మ నవ్వుతూ వాటికి చాప పరిచింది.