చిన్న బాకా చాలు

బాకా పలకలేదు.

మేళం పెద్ద ఉస్తా బయ్యూమీ మళ్లీ ఊదాడు. తుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు.

వెనక డ్రమ్ములు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సందు నిండా జనం. మేడమెట్ల మీద పెళ్లిబట్టల్లో అతని కూతురు ఇన్సాఫ్ నిలబడి ఉంది. పెళ్లినాడు నాన్న బాకా పలికితే గాని ఆఖరి మెట్టు దిగనని చిన్నప్పట్నుంచీ ఆమె పంతం.

“ఏం వియ్యంకుడూ! కూతుర్ని పంపలేక బాకాకి కూడా గొంతు పూడుకుపోయిందా?” పెళ్లికొడుకు తండ్రి హాజీ ఖలీఫా పకపకా నవ్వాడు.

బయ్యూమీ మొహం ఎర్రబడింది.

“లోపల ఎవడో గుడ్డ కుక్కాడు! ఎవడో ఏంటి, వాడే! నిన్న తరిమేసిన ఆ లబ్బీస్ గాడే!”

కైరో పెళ్లి మేళాల్లో లబ్బీస్ అంటే వాయించేవాడు కాదు. వరస నిండుగా కనబడటానికి యూనిఫారం తొడుక్కుని, ఏదో ఒక వాయిద్యం పట్టుకుని, బుగ్గలు పూరించి నడిచేవాడు. చప్పుడు మాత్రం రాకూడదు.

ఆ మనిషి రంజాన్ నెల వెళ్లాక వచ్చాడు. పల్లెటూరి యాస, అరిగిన చెప్పులు. బయ్యూమీ వాయిద్యాల గది తెరిచాడు.

“ఏది కావాలో తీసుకో. ఎలాగూ ఊదేది లేదుగా! సాక్సోఫోన్ తీసుకో, ఫొటోల్లో ధగధగలాడుతుంది.”

ఆ మనిషి మెరిసేవన్నీ దాటుకుని మూలకి వెళ్లాడు. సొట్టలు పడ్డ చిన్న బాకా తీశాడు. అచ్చం బయ్యూమీ వాయించేలాంటిదే.

“ఇది చాలు ఉస్తా. మీ వెనకాలే నడుస్తాను.”

“చూశావా జైన్‌హుమ్! ఏనుగుల్ని చూపిస్తే ఎలకని పట్టుకున్నాడు!”

పెద్ద డ్రమ్ము వాయించే జైన్‌హుమ్ కడుపు పట్టుకుని నవ్వాడు.

చిత్రంగా, అప్పట్నుంచీ బయ్యూమీకి మంచి రోజులొచ్చాయి. అంతకుముందు పాట మధ్యలో ఊపిరి తెగిపోయేది. ఇప్పుడు తెగడం లేదు. బాకా పడుచుతనంలో పలికినట్టు పలుకుతోంది. జీవితమంతా డ్రమ్ముల పక్కన నడిచి సగం చెవుడు తెచ్చుకున్న అతనికే ఆ సంగతి తెలిసిపోయింది.

“అంతా నల్లజీలకర్ర తేనె మహిమ!” అని కాఫీ కొట్టులో కనబడిన వాళ్లందరికీ చెప్పాడు.

నిన్న సాయంత్రం షుబ్రా పేటలో ఊరేగింపు. పెదాలు తుడుచుకుందామని బయ్యూమీ బాకా దించాడు.

పాట ఆగలేదు.

గిరుక్కున వెనక్కి తిరిగాడు.

“ఊదుతున్నావా? నా చోటు మీద కన్నేశావా? విప్పు ఆ కోటు!”

ఆ మనిషి కోటు విప్పి మడత పెట్టాడు. దాని మీద చిన్న బాకా ఉంచాడు.

“రేపు అమ్మాయి పెళ్లి ఉస్తా. రేపొక్కరోజు ఉండనివ్వండి. తర్వాత నేనే పోతాను.”

“రేపు అసలే వద్దు! నా కూతురి పెళ్లిలో దొంగలకి పనేంటి?”

ఆ దొంగే ఇవాళ కసి తీర్చుకున్నాడు.

“చూస్తారేంట్రా? ఆ గుడ్డ లాగండి!”

జైన్‌హుమ్ బాకా అందుకున్నాడు. లోపలికి చూశాడు. వేలు పెట్టి తిప్పాడు. చివరికి నోటికి ఆనించి ఊదాడు.

సందు అదిరిపోయేలా మోగింది. అదీ డ్రమ్ము వాయించేవాడు ఊదితే.

ఊరేగింపు మొదలైందనుకుని ఆడవాళ్లు నాలుకలాడించి పెళ్లి కేకలు వేశారు. బయ్యూమీ మొహం చూసి ఆపేశారు.

“లోపల ఏమీ లేదు ఉస్తా.” జైన్‌హుమ్ గొంతు తగ్గించాడు. “వాడు మిన్యాలో పెద్ద మేళానికి మొదటి బాకా. చిన్నప్పుడు మీ బాకా పాట విని నేర్చుకున్నాడట. అది మధ్యలో తెగిపోతుంటే వినలేక వచ్చాడు. మీకు చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు.”

బయ్యూమీ అతని చెయ్యి పట్టుకున్నాడు.

“పిలుచుకురా. ఇప్పుడే పిలుచుకురా జైన్‌హుమ్. వాడి కాళ్లు పట్టుకుంటాను.”

“పొద్దున్నే స్టేషన్‌కి పరిగెత్తాను. అప్పటికే రైలు వెళ్లిపోయింది.”

బయ్యూమీ బాకా లాక్కుని మళ్లీ ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. మెడ నరాలు తేలాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

గాలే.

ఇన్సాఫ్ ఆఖరి మెట్టు మీద అలాగే నిలబడి ఉంది.

“బాబా! ఎవరు చేశారు ఇది? ఆ లబ్బీసేనా?”

సందంతా అతనివైపే చూసింది. బయ్యూమీ బాకా దించాడు.

“లబ్బీసే తల్లీ,” అన్నాడు అందరికీ వినబడేలా. “ఇన్నాళ్లూ ఈ మేళంలో బుగ్గలు పూరించి నడిచిన లబ్బీస్‌ని నేనే.”