మడత కీబోర్డు

"ఇదీ వద్దు. మీటలు మరీ బిగుతుగా ఉన్నాయి," అంటూ వెర్నా మూడో కీబోర్డును కూడా పక్కకు నెట్టింది.

ఆర్విడ్ కౌంటరు మీద వేళ్ళు టకటకలాడించాడు. ఇప్పుడతను కోపం చూపించగలిగేది అలాగే. పోయిన చలికాలం గొంతు కాన్సరుకు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అంతకుముందు డులూత్ ఊళ్ళో ఆర్విడ్ నోటికి జడవనివాడు లేడు. ఇనుప ఖనిజం ఓడలకెత్తే రేవులో, తీగల మీద వార్తలు కొట్టి పంపే టెలిటైపు గదిలో పనిచేసి రిటైరయ్యాడు. వేళ్ళు వాటంతటవే ఓడల రాకపోకలు కొట్టేస్తుంటే, నోరు మాత్రం పక్క కుర్చీవాడికి చేపల వేట కబుర్లు చెబుతుండేది. మీటల వంక చూసి కొట్టిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి కాగితం ముక్కల మీద రాసి బతకాల్సి వచ్చింది. మొదట్లో వెర్నా ప్రతి ముక్కా చదివి ఇంతకింత జవాబు చెప్పేది. రానురానూ విసుక్కోవడం మొదలుపెట్టింది. "కోడి కెలికినట్టుంది నీ రాత" అనేది. ఆ తర్వాత అదీ లేదు, దేనికైనా "సరేలే" అనేసి లేచిపోయేది. నా మందులెక్కడ పెట్టావని రాస్తే సరేలే. ఇవాళ చర్చిలో భోజనాలున్నాయి, వెళదామా అని రాసినా సరేలే. తను కోటు తొడుక్కుని వచ్చేసరికి ఆమె కుర్చీలో కదలకుండా కూర్చునుంది. ఆ రోజు ఆర్విడ్‌కు నిజంగా ఏడుపొచ్చింది. గొంతుతో పాటు పెళ్ళాం కూడా పోయిందనుకున్నాడు.

మేనల్లుడొకడు ఒక అరచేతి కంప్యూటరు ఇచ్చాడు. చిన్న పుల్లతో తెర మీద గీస్తే అచ్చక్షరాలు పడతాయి. రాత బాధ తీరింది గానీ, ఒక్క వాక్యం గీసేలోగా పళ్ళెంలో సూపు చల్లారిపోయేది. వెర్నా సరేలే మాత్రం మారలేదు. తప్పు తనదేనని తేల్చుకున్నాడు ఆర్విడ్. నత్తలా మాట్లాడేవాణ్ణి ఎవరు మాత్రం ఎంతకని భరిస్తారు? మునుపటి వేగం వస్తే మునుపటి వెర్నా కూడా వస్తుంది. అందుకే ఇవాళ ఆమెను బయల్దేరదీశాడు. కారు తనే నడిపాడు. పెళ్ళైనప్పటి నుంచీ డ్రైవింగు ఆమెదే. ఈ మధ్యే, మంచులో ఈ కొండ రోడ్లంటే భయంగా ఉందని తాళాలు అతని చేతిలో పెట్టేసింది.

దుకాణంలో డార్సీ అనే అమ్మాయి ఓపిగ్గా అన్నీ చూపించింది. ఒకటి చాపలా చుట్టుకునే రబ్బరుది, దాని మీద కొడుతుంటే రొట్టెల పిండి పిసికినట్టుంది. ఇంకొకటి బాగానే ఉంది గానీ, కంప్యూటరును దానికే తగిలించాలి, తెర కొట్టేవాడి వైపే ఉంటుంది. ఆర్విడ్ కాగితం మీద రాసి డార్సీకి చూపించాడు. తెర మా ఆవిడ వైపు ఉండాలి, మాట్లాడేటప్పుడు నేను తన మొహం చూడాలి.

డార్సీ అది చదివి తలూపింది. లోపలికి వెళ్ళి, జేబులో పట్టేలా మడిచిన కీబోర్డొకటి తెచ్చింది. "దీనికి వైరుండదండీ. పైకి లేచే ఈ కొమ్మ చివర కన్నుంది చూశారా, ఇది కంప్యూటరు కన్నుకు ఎదురుగా ఉంటే చాలు. అక్షరాలు వెలుతుర్లో పోతాయి."

విప్పి, నాలుగు మడతలూ సాపు చేసి కొట్టి చూశాడు. వేళ్ళకు ప్రాణం లేచొచ్చింది. 'మా ఆవిడ సణుగుడు కంటే ఇదే స్పీడు' అని పడింది తెర మీద. డార్సీ పకపకా నవ్వింది. ఆ వెనకే వెర్నా కూడా నవ్వింది.

"ఇప్పుడివన్నీ ఎందుకు ఆర్విడ్? నువ్వు చెప్పబోయేది నాకు ముందే తెలుసు," అంది ఆమె. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. అయినా కొన్నాడు.

జారే మంచు మీద అతని చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచిందామె. సరస్సు ఒడ్డున హోటల్లో మెనూ కార్డు తెరవకుండానే, ఎప్పుడూ తినే బ్లూబెర్రీ పై ముక్క, కాఫీ చెప్పింది. ఆర్విడ్ కప్పులు జరిపి కీబోర్డు విప్పాడు. కంప్యూటరును ఆమె వైపు తిప్పి నిలబెట్టాడు, కొమ్మను దాని మీదికి వంచాడు. ఆమె మొహం చూస్తూ మొదలుపెట్టాడు.

ఇన్నాళ్ళూ నోరున్నప్పుడు కూడా చెప్పనివన్నీ చెప్పాడు. ఆస్పత్రిలో ఆమె కుర్చీలోనే కునుకు తీస్తుంటే తను నిద్ర నటించి చూస్తూ పడుకున్నానని చెప్పాడు. మాట రాదని తెలిసిన పూట చచ్చిపోవాలనిపించిందనీ, ఆమె వరండాలో నర్సుతో దెబ్బలాడటం వినబడి ఆగిపోయాననీ చెప్పాడు. నాతో విసిగిపోతే ఫార్గోలో మీ అక్క దగ్గరికి వెళ్ళిపో, తప్పు పట్టను, కానీ నువ్వు తప్ప నాకెవరూ లేరు వెర్నా, అన్నాడు.

మీటల చప్పుడు ఆగేదాకా ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. మధ్యలో తలూపింది. చివర్లో చేతి రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత చెయ్యి చాచి, బల్ల మీద తడుముకుంటూ అతని వేళ్ళు అందుకుంది.

"అంతా చదివాను ఆర్విడ్," అంది. "నాకూ నువ్వు తప్ప ఎవరున్నారు?"

నెలల తరబడి గుండెల మీదున్న బరువు దిగిపోయింది అతనికి. సరేలే కాదు, మాటకు మాట వచ్చింది. ఇంత బాగా తనేనా మాట్లాడిందని, ఒక్కసారి చదువుకుందామని కంప్యూటరు తన వైపు తిప్పుకున్నాడు.

కొమ్మ ఎప్పుడో పక్కకు ఒరిగి, దాని కన్ను కాఫీ కప్పు వైపు తిరిగి ఉంది. తెర మీద ఒక్క అక్షరమూ లేదు.