ఆయా రోలరు

"పదకొండో చక్రం కూడా బిగుసుకుపోయింది. ఇక నిన్ను పనిలో ఉంచుకోలేను," అన్నాడు ప్రయోగశాల పెద్దసారు ఆయాతో.

ఆ చక్రం కందిపప్పు బద్దంత ఉంటుంది. గాలి ఊదితే నిమిషానికి లక్షసార్లు గిర్రున తిరిగి కరెంటు పుట్టించాలి. మధ్యలో ఒక్క నలుసు పడితే చాలు, అక్కడితో ఆగిపోతుంది. లోపలికి వెళ్లే ప్రతివాళ్ల ఒంటిమీదా జిగురు రోలరు దొర్లించి నలుసులు తీయడమే ఆయా పని.

"నా తప్పేంటో చూపించండి సార్."

ఆయన ఆగిన చక్రం పెట్టిన మైక్రోస్కోపు ఆమె ముందుకు జరిపాడు. ఆయా ఒక కన్ను మూసి చూసింది.

"ఇది బూడిదరంగు ఉన్నిపోగు సార్."

"ఇక్కడ ఉన్ని ఎవరు వేసుకొస్తారు?"

ఆయా ఆయన మెడ వైపు చూసింది. తెల్లకోటు లోంచి స్వెటరు అంచు కనిపిస్తోంది. ఆయన కూడా తల వంచి చూసుకున్నాడు.

"నామీద ఎప్పుడైనా రోలరు పెట్టావా?"

"అయ్యో, మీమీదా! చేతులెత్తి నిలబడమని పెద్దవారితో ఎలా అనను?"

ఆయన బయటికి వెళ్లి, స్వెటరు విప్పేసి వచ్చి, తలుపు దగ్గర చేతులెత్తి నిలబడ్డాడు.

"వెనక్కి తిరగండి," అంది ఆయా. తిరిగాడు.

పన్నెండో చక్రం ఆగలేదు. ఆవగింజంత దీపం వెలిగింది.

"రేపు డైరెక్టరుగారు చూడటానికి వస్తారు," అన్నాడు సారు, దీపం మీంచి కళ్లు తిప్పకుండానే.

"ఆయనా ఉన్నికోటు వేసుకొస్తారా సార్?"

"ఆ కోటు ఆయన ఎక్కడా విప్పరు."

"రేపు విప్పుతారు లెండి," అంది ఆయా, రోలరుకు కొత్త జిగురుకాగితం చుడుతూ.